సీమలో నాలుగు రోజుల సైకిల్ యాత్ర: గండికోటా, అహోబిలమా, లేపాక్షా?

సీమలో సైకిల్ యాత్ర అనగానే ఎవరైనా మొదట అడిగేది ‘రోజుకు ఎన్ని కిలోమీటర్లు?’ అని. ఇక్కడ ఆ లెక్క సగమే. పొద్దున పదకొండు దాటాక నీడా నీళ్లూ లేని దారి ఇంకా ఎంత మిగిలిందన్నదే అసలు లెక్క. కోనసీమ గట్ల మీద ఎనభై కిలోమీటర్లు అలవోకగా తొక్కినవాళ్లు కూడా కొలిమిగుండ్ల దగ్గర యాభైకే చేతులెత్తేస్తారు. కాళ్లు చాలక కాదు, ఆగుదామంటే చెట్టు దొరకక. కింది మూడు దార్లనూ ఆ కొలతతోనే తూచాం. మూడూ నాలుగు రోజులవే. మూడింటికీ మొదట్లోనూ చివర్లోనూ రైల్వే స్టేషన్ ఉంది. దూరాలన్నీ సుమారు లెక్కలు. గుడికీ కోటకీ పక్కకు తిరిగే కిలోమీటర్లు వాటికి అదనం.

నాపరాళ్ల దారి: ఎర్రగుంట్ల నుంచి నంద్యాల

చూడ్డానికి అన్నిటికన్నా గొప్పది ఇదే, ఒళ్లు హూనం చేసేదీ ఇదే. మొదటి రోజు ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుగు మీదుగా గండికోటకు 35 కి.మీ. రెండో రోజు మళ్లీ జమ్మలమడుగుకు దిగి, కొలిమిగుండ్ల దారిలో బెలుం గుహలకు 60. మూడో రోజు అవుకు, బనగానపల్లె మీదుగా యాగంటికి మరో 60. నాలుగో రోజు నంద్యాలకు 50. మొత్తం 200 కి.మీ. పైచిలుకు.

మొదటి రోజును కావాలనే చిన్నదిగా పెట్టుకోవాలి. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, లారీలు. పొద్దు ఎక్కకముందే ఆ రద్దీ దాటేస్తే మధ్యాహ్నానికి గండికోట చేరి, ఎండ తగ్గాక కోటంతా తీరుబడిగా తిరగొచ్చు. లోయ అంచున కంచె లేదు. పెన్నా అక్కడ ఎర్ర బండలను నిలువునా కోసుకుంటూ పారుతుంది. ఫొటో కోసం క్లీట్ బూట్లతో (అడుగున పెడల్‌కు బిగిసే కొక్కెం ఉండేవి) ఆ బండలెక్కడం మాత్రం వద్దు, జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. సంచిలో ఒక జత మామూలు చెప్పులు ఎలాగూ ఉండాలి. బెలుం గుహల మెట్లకూ అవే పనికొస్తాయి.

రెండో రోజే అసలు పరీక్ష. జమ్మలమడుగు దాటాక నల్లరేగడి చేలు, తర్వాత నాపరాయి క్వారీలు. రోడ్డు అంచున పడిన నాపరాయి ముక్క కత్తి అంచులా ఉంటుంది. ముల్లు గుచ్చుకుంటే పంక్చర్‌తో పోతుంది, ఇది టైరు పక్క గోడనే చీలుస్తుంది. చీలికలోంచి ట్యూబు బుడగలా బయటికొచ్చి పేలుతుంది, అప్పుడు కొత్త ట్యూబు వేసినా ఫలితం ఉండదు. చీలిక లోపలి వైపున పాత టైరు ముక్కో, నిలువునా కోసిన టూత్‌పేస్ట్ ట్యూబు రేకో అడ్డం పెట్టి, గాలి కాస్త తక్కువ కొట్టి ఊరు చేరాలి. లారీకి దారి ఇవ్వడం కోసం మట్టి అంచుకు దిగాల్సిందే, కాకపోతే దిగేటప్పుడు వేగం తగ్గించండి.

బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా ఉంటే, జనాన్ని రానిచ్చేది అందులో సగం మేర. లోపల చల్లగా ఉంటుందనుకుంటే పొరపాటు. ఉక్కపోతకు చెమట ధారలు కడుతుంది. అరవై కిలోమీటర్లు తొక్కి దిగిన వెంటనే లోపలికి పోతే కళ్లు తిరగడం ఖాయం. ఓఆర్‌ఎస్ నీళ్లు తాగి, గంటన్నర పడుకుని, మూడింటికి వెళ్లండి. సాయంత్రం ఆలస్యమైతే టిక్కెట్లు ఇవ్వరు.

మూడో రోజు అవుకు రిజర్వాయరు దగ్గర కళ్లకు కాస్త చల్లదనం దొరుకుతుంది. తర్వాత యాగంటి దాకా ఎర్రమల గుట్టల మిట్టలు, పల్లాలు. అగస్త్యుడి శాపం వల్ల యాగంటిలో కాకులు వాలవంటారు. ఆ శాపం కోతులకు తగల్లేదు. హ్యాండిల్ సంచిలో అరటిపళ్లు పెట్టి సైకిల్ వదిలి వెళ్తే, తిరిగొచ్చేసరికి జిప్పు కూడా మిగలదు.

కేసీ కాలువ దారి: నంద్యాల నుంచి కడప

మొదటిసారి బయల్దేరే జట్టుకు మేం చెప్పేది ఇదే. నంద్యాల నుంచి మహానందికి 18 కి.మీ. మర్నాడు వెనక్కి వచ్చి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలానికి 70 దాకా. మూడో రోజు మైదుకూరుకు 65. నాలుగో రోజు కడపకు 40.

దారిలో చాలా భాగం చదును. ఎడమ చేతివైపు నల్లమల, కుడివైపు కేసీ (కర్నూలు–కడప) కాలువ కింద వరి, పసుపు, అరటి. కొండలు తూర్పున ఉండటంతో మహానంది దగ్గర ఎండ కాస్త ఆలస్యంగా నేల మీద పడుతుంది. పది, పదిహేను కిలోమీటర్లకు ఒక ఊరు, ఊరు ఊరికీ టీ కొట్టు, వేపచెట్టు. పదకొండు తర్వాత మిగిలే నీడలేని దూరం మూడు దార్లలోనూ ఇక్కడే తక్కువ. మహానంది కోనేటిలో మునిగితే కాళ్ల తీపు సగం పోతుంది.

లోటు ఒకటే, రెండో రోజు నుంచి జాతీయ రహదారి మీద తొక్కే గంటలు ఎక్కువ. కర్నూలు–కడప నాలుగు వరుసల రోడ్డుకు అంచు వెడల్పుగా ఉంది కాబట్టి ప్రమాదం కన్నా విసుగే ఎక్కువ. ఆ విసుగు భరించలేక కాలువ గట్టెక్కాలనిపిస్తుంది. గట్టు పొడిగా ఉంటే సరే, వాన పడిన రెండు రోజుల వరకు వద్దు. రేగడి తడిస్తే టైరుకు అంగుళం మందాన పట్టి, ఫోర్కుకూ టైరుకూ మధ్య బిగుసుకుని చక్రం తిరగడం మానేస్తుంది. పుల్లతో గీకి తీయడం తప్ప వేరే మందు లేదు. మడ్‌గార్డులు ఉన్న సైకిల్‌కు ఈ బాధ రెట్టింపు.

దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలానికి ఎనిమిది కిలోమీటర్ల అడవి దారి. బరువు కింద గదిలో పెట్టి ఖాళీ సైకిల్‌తో ఎక్కితే అది యాత్రలోకెల్లా మంచి గంట. స్వాతి నక్షత్రం రోజున, శనివారాల్లో సత్రాలు నిండిపోతాయి. క్యాలెండర్ చూసి బయల్దేరండి. శివరాత్రి వారంలో అయితే మహానంది వైపే పోవద్దు.

ఇంత దూరం వచ్చాం కదా, ఆత్మకూరు–దోర్నాల అడవి గుండా శ్రీశైలం కూడా కలుపుకుందామని ప్రతి జట్టులోనూ ఒకరు అంటారు. అది పులుల అభయారణ్యం, రాత్రి రాకపోకలు ఆపేస్తారు, తర్వాత ఘాట్ రోడ్డు. జట్టులో ఒకరికి చైను తెగి ఆలస్యమైతే అడవిలోనే పొద్దుగూకుతుంది. శ్రీశైలానికి బస్సు ఉంది.

బండరాళ్ల దారి: హిందూపురం నుంచి ధర్మవరం

హిందూపురం నుంచి లేపాక్షికి 15 కి.మీ., అక్కడి నుంచి పెనుకొండకు 45, పుట్టపర్తికి 40, ధర్మవరానికి మరో 40. మొత్తం 140 దాకా. మూడింట్లోనూ చిన్నది. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు శుక్రవారం రాత్రి రైలెక్కి మూడు రోజుల్లో ముగించుకోవచ్చు.

చాలామంది దీన్ని ధర్మవరం నుంచి మొదలుపెడతారు. హిందూపురం 600 మీటర్లకు పైన ఉంది, ధర్మవరం అంతకన్నా 250 మీటర్లకు పైగా కింద ఉంది. వానాకాలంలోనైతే గాలి కూడా నైరుతి నుంచి వీస్తుంది. అంటే హిందూపురం నుంచి బయల్దేరితే నేల వాలూ గాలీ రెండూ వెనక నుంచి తోస్తాయి. తిరగేసి తొక్కితే రెండూ ఎదురే. ఆ గాలి ఎంత బలమైనదో తెలియాలంటే గుట్టల మీద తిరిగే గాలిమరలను చూస్తే చాలు, వాటిని అక్కడ ఊరికే పెట్టలేదు.

జులై, ఆగస్టుల్లో ఈ సీమలో సుఖంగా తొక్కగల దారి ఇదొక్కటే. మబ్బు కమ్ముతుంది, వాన మాత్రం పెద్దగా పడదు. దేశంలోనే తక్కువ వాన పడే ప్రాంతాల్లో అనంతపురం ఒకటన్న సంగతి రైతుకు శాపమైనా సైకిల్ తొక్కేవాడికి కలిసొస్తుంది. నేల గరుకు ఎర్రమట్టి, తడిసినా రేగడిలా పట్టుకోదు.

చూడ్డానికి లేపాక్షి గుడి, నంది ఉన్నాయి. 1565 తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండ కోట ఉంది. గుండ్లు పేర్చినట్టుండే కొండలు దారంతా వెంట వస్తాయి. పుట్టపర్తిలో ఏ బడ్జెట్‌కైనా గది దొరుకుతుంది. పెనుకొండ దగ్గర జాతీయ రహదారి మీద కార్ల ఫ్యాక్టరీకి వెళ్లే కంటెయినర్లు గుంపులుగా వస్తాయి. ఆ ముక్కను తెల్లవారగానే దాటండి. ఇంకో రోజు చేతిలో ఉంటే పుట్టపర్తి నుంచి కదిరికి పోయి తిమ్మమ్మ మర్రిమాను చూడొచ్చు. నీడ కోసం మొహం వాచిన జట్టుకు ఎకరాల కొద్దీ నీడ ఒకే చెట్టు కింద దొరుకుతుంది.

ఏ నెలలో ఏ దారి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తేలికపాటి ఈశాన్యపు గాలి. నంద్యాల నుంచి కడపకు దిగేవాళ్లకు అది కలిసొస్తుంది. నాపరాళ్ల దారిలో రెండో రోజు పక్క నుంచి కొట్టినా, ఆఖరి రోజు ముఖం మీదికే వస్తుంది. డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా ఆ దారికి సరైన కాలం. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉంటే కడప జిల్లా యాత్ర వాయిదా వేసుకోండి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఆ కాలంలోనే. వంక మీద నీళ్లు పారుతుంటే మోకాలి లోతే కదా అని సైకిల్ నెట్టుకుంటూ దిగొద్దు. మార్చి నడిమి నుంచి జూన్ దాకా ఏ దారీ వద్దు. బనగానపల్లె మామిడిపళ్లు అప్పుడే వస్తాయి, కానీ వాటిని ఇంటికి తెప్పించుకోవచ్చు.

సైకిల్: గేర్లా, టైరా?

షాపువాళ్లు గేర్ల గురించి చెబుతారు. సీమలో ముందు చూడాల్సింది టైరు. 35 నుంచి 40 మిల్లీమీటర్ల టైరున్న హైబ్రిడ్ సైకిల్ మూడు దార్లకూ సరిపోతుంది. గాలి 50–60 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత). వెనక పెద్ద పళ్ల చక్రం కనీసం 32 పళ్లది అయితే యాగంటి మిట్టలు కూర్చునే ఎక్కొచ్చు.

ఎంటీబీ (మౌంటెన్ బైక్) ఉన్నవాళ్లు కొత్త సైకిల్ కొనక్కర్లేదు. బొడిపెల టైర్లు తీసి నున్నటివి వేయించి, 40–45 పీఎస్‌ఐ కొట్టించి, ముందు సస్పెన్షన్ లాక్ చేసుకుంటే చాలు. బొడిపెల టైరుతో అరవై కిలోమీటర్లంటే జట్టు కన్నా గంట వెనకబడతారు. 25 మిల్లీమీటర్ల టైరున్న రోడ్ బైక్ కాలువ దారి రహదారికి పర్వాలేదు, నాపరాళ్ల దారికి అస్సలు పనికిరాదు. ఇంట్లో ఉన్న పాత 28 అంగుళాల గేర్లు లేని సైకిల్‌ను తక్కువ చేయొద్దు. బరువే గానీ, దాని ట్యూబు, టైరు, చువ్వ ప్రతి మండల కేంద్రంలోనూ దొరుకుతాయి. కాలువ దారికి అది చాలు, ఎగువ అహోబిలానికి మాత్రం ఆటో మాట్లాడుకోండి.

కొనేముందు వాల్వు చూడండి. పల్లెల్లో పంక్చర్ షాపు కంప్రెసర్ మోటార్ సైకిల్ వాల్వుకే పడుతుంది. సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి కావాలి. చిన్న వస్తువే, ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచండి.

ముళ్లు

ఈ యాత్రలో పోయే సమయంలో సగం పంక్చర్లకే పోతుంది, కారణాలు రెండు. రోడ్డు అంచున కంప కొట్టి వేసినప్పుడు మిగిలే తుమ్మ ముల్లు ఒకటి. సైకిల్ పడుకోబెట్టిన చోట అంటుకునే పల్లేరు కాయ రెండోది. తుమ్మ ముల్లు టైరులో విరిగిపోతుంది, మొన లోపలే ఉంటుంది. తొందర్లో కొత్త ట్యూబు వేసి గాలి కొడితే పది నిమిషాల్లో అదీ దిగుతుంది. ‘రోజుకు ఐదు పంక్చర్లు’ అని వాపోయేవాళ్లకు నిజానికి అయ్యింది ఒకటే, మిగతా నాలుగూ ఆ మొన చేసిన పనే.

అందుకే ముందు ట్యూబులో చిల్లు ఎక్కడుందో చూసి, వాల్వు నుంచి ఎంత దూరంలో ఉందో కొలిచి, టైరును అదే చోట వెతకండి. వేలు గీసుకోకుండా గుడ్డ ముక్కతో టైరు లోపలంతా మెల్లగా తుడిస్తే మొన ఉన్నచోట దారం పట్టుకుంటుంది. దాన్ని చిమటాతో బయటి వైపు నుంచి లాగండి. ప్యాచ్ వేసేటప్పుడు గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, ఐదు నిమిషాలు ఆరనివ్వాలి. తడి మీద అంటించిన ప్యాచ్ ఎండకు లేచిపోతుంది.

టైరుకూ ట్యూబుకూ మధ్య వేసే రక్షణ పట్టీయా, చిల్లును లోపలి నుంచే మూసేలా ట్యూబులో పోసే ద్రవం, సీలెంటా అంటే సీలెంటే మేలు. పట్టీ బరువు, పైగా దాని అంచే ట్యూబును ఒరిసి చిల్లు చేస్తుంది. 38 మిల్లీమీటర్ల ట్యూబుకు 60 మి.లీ., ఎంటీబీకి 100–120 మి.లీ. సరిపోతుంది. వాల్వు లోపలి పుల్ల ఊడొచ్చే రకం ట్యూబు అయితేనే పోయగలం. నాపరాయి చీలికను సీలెంటు ఆపలేదు.

మనిషికి రెండు ట్యూబులు, ఆరు ప్యాచ్‌లు, రెండు టైరు లివర్లు, ఒక పంపు ఉండాలి. జట్టుకు ఒక పెద్ద పంపు, గేర్ కేబుళ్లు రెండు, బ్రేక్ కేబుల్ ఒకటి, ఎవరి సైకిల్ వెనక గేర్ల సంఖ్యకు తగిన చైను లింకులు వాళ్లవి, వెనక చక్రానికి చువ్వలు నాలుగు. గేర్ హ్యాంగర్ (వెనక గేరు పరికరాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క) ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం కాబట్టి ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి, నంద్యాలలో కూడా దొరకదు. జనవరి, ఫిబ్రవరుల్లో అది మరీ అవసరం. నూర్పిడి కోసం రోడ్డు మీద శనగ కట్టె పరుస్తారు. దాని మీదుగా తొక్కితే పుల్లలు వెనక గేరు చక్రాలకు చుట్టుకుని హ్యాంగర్ విరుగుతుంది. దిగి నడిపించండి, రైతు పంటకూ మంచిది.

సామాను: వ్యాను వెంటా, సైకిల్ మీదా?

ఆరుగురి లోపు జట్టయితే, కాలువ దారిలోనూ బండరాళ్ల దారిలోనూ సామాను సైకిల్ మీదే కట్టుకోండి. మనిషికి ఎనిమిది కిలోలు దాటకూడదు. బరువంతా వెనక క్యారియర్ మీదే వేస్తే గేర్ వైపు చువ్వలు తెగుతాయి, మూడో వంతు ముందుకు మార్చండి. నాపరాళ్ల దారికి ఎంతమంది ఉన్నా చిన్న ట్రాలీ వాహనం మాట్లాడుకోవాలి. సామాను కోసం కాదు, నీళ్ల కోసం. ఎండలో మనిషికి గంటకు ముప్పావు లీటరు కావాలి. ఎనిమిది మందికి ఐదు గంటలకు 30 లీటర్లు, అంటే ఒకటిన్నర క్యాన్. బోరు నీళ్లు తాగొద్దు, ఈ జిల్లాల్లో చాలా ఊళ్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. ఊళ్లలోని వాటర్ ప్లాంటులో 20 లీటర్ల క్యాన్ నింపుకోండి.

వ్యాను జట్టు వెనకే పాకితే వెనకొచ్చే లారీలకు అడ్డం. పదిహేను కిలోమీటర్లు ముందుకు పోయి చెట్టు చూసుకుని ఆగాలి. వ్యాను ఉంటే వచ్చే చిక్కు ఒకటుంది. అలసిన మొదటి మనిషి ఎక్కగానే రెండో మనిషికీ కాళ్లు నొప్పులు మొదలవుతాయి. ఎక్కడ ఎక్కొచ్చో ముందే మాట్లాడుకోవాలి.

జట్టు

ఎనిమిది మంది బాగుంటారు. పన్నెండు మందయితే రెండుగా విడిపోయి అరగంట తేడాతో కదలండి. పల్లె హోటలులో పన్నెండు మందికి ఉగ్గాని, బజ్జీ వేయించి తెచ్చేసరికి ముప్పావు గంట పోతుంది, ఆ ముప్పావు గంటా చల్లటి పూటలోదే. ముందురోజు రాత్రే ఫోన్ చేసి చెబితే సరిపోతుంది. ముందు నడిపేవాడిగా బలమైనవాణ్ని పెట్టొద్దు, మధ్యస్తంగా తొక్కేవాణ్ని పెట్టండి. బలమైనవాడు చివర ఉండాలి, పనిముట్ల సంచీ అతని దగ్గరే. పదిహేను కిలోమీటర్లకోసారి అందరూ కలిసేదాకా ఆగాలి. చివరివాడు వచ్చిన క్షణాన మిగతావాళ్లు కదిలిపోతే అతనికి విశ్రాంతి దొరకదు, అతనొచ్చాక ఐదు నిమిషాలు ఆగండి. ఆరింటికి లైట్లతో బయల్దేరి, పదకొండున్నరకు ఆపి, మిగిలితే మూడున్నర తర్వాత.

రైలు

సైకిల్‌ను పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి లగేజీ వ్యానులో పంపాలి. ఒకటి రెండయితే పర్వాలేదు. ఎనిమిదయితే రెండు నిమిషాలు ఆగే స్టేషన్‌లో ఎక్కించడం, దించడం జరిగే పని కాదు. మనుషులు రైల్లో, సైకిళ్లు రోడ్డు మీద వ్యానులో రావడమే మేలు. వ్యానులో పేర్చేటప్పుడు పెడల్స్ విప్పి, గేర్ వైపు బయటికుండేలా ఒకదాన్ని ముందుకూ ఒకదాన్ని వెనక్కీ తిప్పి, మధ్యలో పాత దుప్పట్లు పెట్టండి. తాళ్లు ఫ్రేముకు కట్టాలి గానీ చక్రానికి కాదు. చక్రానికి కడితే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే చువ్వలు వంగుతాయి.